కాన్పుకు ముందే ఇల్లు మారాలా? మ్యాప్స్‌లో ఇలా వడపోయండి
నమస్తే అండీ. ఇంట్లో కడుపుతో ఉన్నారు, హైదరాబాద్‌లో అద్దె ఇల్లు వెతకాలి. స్క్రీన్ కనిపిస్తోంది కదా, మొదలుపెడదాం.

గూగుల్ మ్యాప్స్ తెరిచాం. నచ్చిన అపార్ట్‌మెంట్ మీద నొక్కండి, సేవ్, కొత్త లిస్ట్, పేరు పెట్టండి, అంతే. లిస్ట్ ఇద్దరి ఫోన్లలోనూ ఉండేలా షేర్ చేసుకోండి. కింద నోట్‌లో అద్దె, మెయింటెనెన్స్, ఎన్నో అంతస్తో రాసేయండి. ఎక్సెల్ కంటే నాకు ఇదే ఇష్టం, గేటు దగ్గర వాచ్‌మన్‌తో మాట్లాడుతూనే రాసుకోవచ్చు.

ఇప్పుడు అసలు స్టెప్, నిదానంగా చూడండి. ఆ ఇంటి నుంచి హాస్పిటల్‌కి ఎంతసేపు? మనం ఇళ్లు వెతికేది రాత్రి భోంచేశాక. అప్పుడు మ్యాప్స్ చూపించేది ఖాళీ రోడ్ల టైమ్. అది నమ్మి అడ్వాన్స్ ఇచ్చేస్తే, పొద్దున చెకప్‌కి బయల్దేరిన రోజు తెలుస్తుంది.

ఉదాహరణకి నిజాంపేట నుంచి రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ అనుకుందాం. పైన ఇల్లు, కింద హాస్పిటల్. తిరగేసి పెట్టొద్దు. డివైడర్ రోడ్డు మీద ఒకవైపు వెళ్తే యూటర్న్ ఎక్కడో ఉంటుంది, రెండోవైపు అసలు అక్కర్లేదు. వెళ్లే టైమ్, వచ్చే టైమ్ ఒకటి కాదు. ఇక్కడ బైక్ బొమ్మ వెలుగుతోంది చూశారా? రోజూ బండి మీద తిరిగేవాళ్లు ఇది గమనించరు. కారు బొమ్మ నొక్కండి. ఇప్పుడు ఈ మూడు చుక్కలు, బయల్దేరే సమయం, సోమవారం, 9:30, సెట్. చూడండి, ఇప్పుడు ఒక అంకె కాదు, ఇన్ని నిమిషాల నుంచి ఇన్ని నిమిషాలు అని రెండు వచ్చాయి. పెద్దదే మన అంకె. మళ్లీ అదే పని సాయంత్రం 6:30కి. వచ్చినవాటిలో పెద్దది నోట్‌లో రాసి, డాక్టరమ్మకి చూపించండి. నొప్పులు మొదలైతే ఎప్పుడు బయల్దేరాలో ఆవిడ దాన్ని బట్టి చెప్తారు.

కాన్పు పుట్టింట్లోనే కదా, ఇదంతా ఎందుకు అనుకోవద్దు. అప్పటిదాకా చెకప్‌లు ఇక్కడే. బిడ్డతో తిరిగొచ్చాక టీకాలూ ఇక్కడే. 6, 10, 14 వారాలకి వరసగా ఉంటాయి.

సరే, ఇల్లు చూడ్డానికి వెళ్లారు. జనరేటర్ ఉందని ఓనర్ చెప్తారు. లిఫ్ట్‌కి కూడా ఉందా, మెట్ల లైట్లకేనా? అది వాచ్‌మన్‌ని అడగండి. బాత్రూమ్ లోపల గ్యాస్ గీజర్ ఉంటే బయటికి మార్పించాల్సిందే. మూసిన గదిలో కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన రాదు, కడుపులో బిడ్డకి చాలా ప్రమాదం. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు పెచ్చులు లేస్తుంటే, గోకించి కొత్తది వేయించే రోజుల్లో కడుపుతో ఉన్నామెని అటు తీసుకెళ్లొద్దు, దుమ్మంతా తుడిచాకే చేరండి. బాల్కనీ ఊచల మధ్య, ఇదిగో స్కేల్ పెడుతున్నా, 10 సెంటీమీటర్లు మించకూడదు. మించితే మెష్ కట్టించమనండి.

చివరగా అగ్రిమెంట్. ఎక్కువమంది 11 నెలలకే రాస్తారు. లెక్క వేయండి. ఐదో నెల నిండాక చేరితే, బిడ్డకి ఏడు నెలలు వచ్చేసరికి గడువు అయిపోతుంది. పాకే బిడ్డతో మళ్లీ సామాను సర్దాలి. అందుకే ఈ రెండు వాక్యాలు టైప్ చేయించండి, స్క్రీన్ మీద పెట్టాను: ఇంకో 11 నెలలు పొడిగించే హక్కు అద్దెకున్నవారిది, పెంపు ఇంత శాతమే. ఖాళీ చేయమంటే ఓనర్ మూడు నెలల ముందు చెప్పాలి. వీడియో ఇక్కడ ఆపి ఫొటో తీసుకోండి, అడ్వాన్స్ ఇవ్వకముందే ఓనర్‌కి వాట్సాప్ చేయండి.