కింది మడి ఎండితే పై తూము లేస్తది

అందరికీ నమస్తే. మీ సార్ ఫోన్ చేసి డిగ్రీ పిల్లలకు సెల్ సిగ్నలింగ్, అంటే మన ఒంట్ల కణాల్ల కబుర్లు ఎట్ల పోతయో, దాని గురించి చెప్పాలె అన్నరు, సరే అన్న గానీ హన్మకొండ బస్సెక్కినంక టెక్స్ట్‌బుక్ల ఆ చార్టులు యాదికొచ్చినయి, అన్ని బాణాలే, బాణానికో మూడక్షరాల పేరు, నాకే నిద్రొస్తది.

అందుకే చెరువు కాడికెళ్ళి మొదలుపెడ్త. మన దిక్కు గొలుసుకట్టు చెరువులు చూసిండ్రు గదా, పై చెరువు మత్తడి దుంకితే కిందిదానికి నీళ్ళు. సెల్‌ల గూడ గంతే, సెల్‌ను పెరగమనే గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చి, సెల్ పైపొర మీద కబురందుకునే ఈజీఎఫ్ఆర్ అనే రిసెప్టర్‌కు అతుక్కుంటే లోపల రాస్ అనే ప్రొటీన్ లేస్తది, రాస్ రాఫ్‌ను లేపుతది, రాఫ్ మెక్‌ను, మెక్ ఈఆర్‌కేను. రాఫ్ నుంచి కిందికి ఒకటి ఇంకోదానికి ఫాస్ఫేట్ తగిలించుడే పని, ఆ ఫాస్ఫేట్‌ను సెల్‌కు శక్తినిచ్చే ఏటీపీ ఇస్తది. (1929ల ఏటీపీని కనిపెట్టినోళ్ళల్ల భీమవరంల పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావు ఉన్నడు, ఎంతమందికి తెలుసు? ఇద్దరేనా!)

పరీక్షకైతే ఇంతే రాస్తరు. అసలు సంగతి ఇంకోటుంది.

మా ఊర్ల నీరటాయన తూము దించాల్నంటే ముందుగాల కింది మడి గట్టు మీద నిలబడి చూసేటోడు, నీళ్ళు సరిపోయినయంటేనే పైకి పోయి దించేటోడు. ఈఆర్‌కే గూడ అట్లనే పైకి కబురు పెడ్తది, ఈజీఎఫ్ఆర్‌ను అణచిపెడ్తది.

ఇప్పుడు రాఫ్‌లల్ల ఒక రకమైన బీరాఫ్ జీన్‌ల వీ600ఈ అనే మ్యుటేషన్, అంటే జీన్ రాతల మార్పు, వచ్చిందనుకోండి, నడిమిట్ల తూము ఇరుక్కుపోయి తెరిచే ఉంటది, సెల్ ఆగకుండ పెరుగుతనే ఉంటది. దాన్ని మూసే మందు వెమురాఫెనిబ్, 2011ల అమెరికాల చర్మపు క్యాన్సర్ మెలనోమాకు అనుమతొచ్చింది, చాలామందికి గడ్డలు కరిగినయి. అదే మ్యుటేషన్ ఉన్న పెద్దపేగు క్యాన్సర్‌కు అదే మందిస్తే మాత్రం పెద్దగ పనిచెయ్యలే. ఎందుకు? 2012ల తేలింది. మందుతోని ఈఆర్‌కే పడిపోంగనే పైకి పోయే కబురు బందైతది, కింది మడి ఎండిందని నీరటాయన పై తూము మొత్తం లేపినట్టు ఈజీఎఫ్ఆర్ మళ్ళ లేస్తది, ఆ నీళ్ళు పీఐ3కే-ఏకేటీ అనే పక్క కాలువల, అంటే ఇంకో సిగ్నల్ దారిల, గూడ పారుతయి. మెలనోమా సెల్స్‌ల ఈజీఎఫ్ఆర్ తక్కువ, అందుకే అక్కడ ఈ గోల లేదు. మందు అదే, మ్యుటేషన్ అదే, చెరువు వేరు.

పక్క కాలువలు ఒకదాన్నొకటి ఆపుకునుడు మామూలు సెల్‌ల గూడ ఉంటది, లివర్‌ల అడ్రినలిన్ సైక్లిక్ ఏఎంపీ అనే కబురు మోసే చిన్న అణువును పెంచి, దాచిపెట్టిన చక్కెర గ్లైకోజెన్‌ను కరిగిస్తుంటే ఇన్సులిన్ ఏకేటీ దారిల వచ్చి ఆ సైక్లిక్ ఏఎంపీనే విరగ్గొట్టిస్తది.

మళ్ళ పేగు కాడికొస్తే, రెండు తూములూ ఒక్కసారే మూసుడు షురూ చేసిండ్రు, బీరాఫ్‌కు ఎన్‌కోరాఫెనిబ్, ఈజీఎఫ్ఆర్‌కు సెటుక్సిమాబ్, 2020ల అనుమతొచ్చింది. పనిచేస్తది, కానీ కొన్ని నెలలకు గడ్డ మళ్ళ దారి వెతుక్కుంటది, కొన్నిట్ల రాస్‌లనే మ్యుటేషన్లొస్తయి, కొన్నిట్ల మెట్ అనే ఇంకో రిసెప్టర్ జీన్ కాపీలు పెరుగుతయి. మెట్ ముచ్చట చాయ్ తాగొచ్చినంక చెప్త, సమోసాలు చల్లారుతున్నయని సార్ సైగ చేస్తుండు.