ఆ హాలుకు పెట్టని పేరు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలు ఖాళీగా వదిలేసి వెనక ఫ్యాన్ల కింద సర్దుకున్న మీ అందరికీ నమస్కారం. సన్మానం వద్దని ముందే చెప్పాను. అయినా కప్పారు. ఏప్రిల్ 16న శాలువా! సరే, కందుకూరి వారి జయంతి, మన రంగస్థల దినోత్సవం, కాదనకూడదు.

"కలకత్తా పాత నాటకశాలలు" అని పావుగంట మాట్లాడమన్నారు. నేను లైట్ల వాణ్ణి. వింగులో నిలబడి నాటకాలు చూసినవాణ్ణే తప్ప మైకు ముందు నిలబడ్డవాణ్ణి కాను. అందుకని ఒక్క హాలు గురించే చెబుతాను.

స్టార్ థియేటర్. 1883 జులై 21న బీడన్ వీధిలో 'దక్షయజ్ఞం'తో తెర లేచింది. రాసింది గిరీశ్ చంద్ర ఘోష్. సతీదేవి వేషం బినోదిని దాసిది. అప్పటికి ఇరవై ఏళ్లుంటాయేమో. భోగంవాళ్ల ఇంట పుట్టి, పదకొండు పన్నెండేళ్లకే ముఖానికి రంగు వేసుకున్న పిల్ల. హాలుకు డబ్బు పెట్టింది గుర్ముఖ్ రాయ్ అనే కుర్ర మార్వాడీ వ్యాపారి. ఆయన షరతు ఒకటే, బినోదిని తనకు కావాలి. నాటకాలు మానేస్తే యాభై వేలిస్తానన్నాడనీ, తాను ఒప్పుకోలేదనీ ఆవిడే ఆత్మకథలో రాసుకుంది. యాభై వేలండీ, ఆ రోజుల్లో! అది వదులుకుని హాలు కట్టించమంది. పునాదిలో మట్టి నింపే రోజుల్లో తనూ తట్టలు మోసింది. తోటి నటులేమో హాలుకు నీ పేరే, 'బీ థియేటర్' అని ఆశపెట్టారు.

రిజిస్ట్రేషన్ చేయించుకుని వచ్చారు. ఏం పేరు రాయించారని అడిగింది. 'స్టార్' అన్నారు.

అంతే. భోగందాని పేరున్న హాలుకు మర్యాదస్తులు రారని భయం. టిక్కెట్టు కొనుక్కుని ఆ మర్యాదస్తులు చూడబోయేది మాత్రం ఆవిణ్ణే!

ఆ భయం కొత్తదేమీ కాదు. 1873లో బెంగాల్ థియేటరు వాళ్లు ఆడవేషాలకు ఆడవాళ్లనే తీసుకుందామంటే, వితంతు వివాహాల కోసం అంత పోరాడిన విద్యాసాగరులవారే ఆ థియేటరు కమిటీ నుంచి తప్పుకున్నారు. మన కందుకూరి వారూ నాచ్ పార్టీల మీద, అంటే భోగం మేళాల మీద, మండిపడ్డవారే. ఇవాళ ఆయన జయంతి, ఈ మాట అన్నందుకు కోప్పడకండి. ఆయనంటే నాకూ గౌరవమే.

1884 సెప్టెంబరు 21న రామకృష్ణ పరమహంస స్టార్‌కు వచ్చి 'చైతన్యలీల' చూశారు. కృష్ణభక్తుడు చైతన్యుడి వేషం ఎవరిదనుకున్నారు? బినోదినిదే. మన దగ్గర స్థానం నరసింహారావుగారు సత్యభామగా వచ్చి నిలబడితే ఆడవాళ్లే నోరు వెళ్లబెట్టేవారట. అక్కడ ఆడది మగవేషం వేసి పరమహంస ఆశీర్వాదం పొందింది. ఆ తర్వాత రెండు మూడేళ్లకే రంగస్థలం వదిలేసింది. 1941 దాకా బతికింది. ఆ మధ్య యాభై ఏళ్లూ లైటు పడలేదు.

లైటంటే గుర్తొచ్చింది, మినర్వా గురించి చెప్పకుండా వదల్లేను. అదీ బీడన్ వీధే, 1893లో కట్టింది. 1959 ఆఖర్లో ఉత్పల్ దత్ అక్కడ 'అంగార్' ఆడించారు. బొగ్గుగనిలోకి నీళ్లు వచ్చి కార్మికులు మునిగిపోవాలి. తాపస్ సేన్ ఉత్త దీపాలతోనే ఆ నీటిని పైపైకి తెచ్చారు. మాకు ఇక్కడ డిమ్మరంటే, అదే దీపం వెలుగు పెంచి తగ్గించేది, ఉప్పునీళ్ల కుండ, అందులో రెండు రేకులు. పై రేకు దించేకొద్దీ దీపం పెరుగుతుంది, లాగితే మసకబారుతుంది. షాకు కొట్టని రోజు లేదు. ఆ కుండతో నేను సూర్యోదయం తేగలిగాను కానీ వరద తేలేకపోయాను. ఆయనకు దండం.

ఎక్కడున్నాం? స్టార్. 1888లో హాలు కలకత్తాలోనే హాతీబగాన్‌కు మారింది. పాత స్థలం అమ్మేసినా పేరు మాత్రం అమ్ముకోలేదు, వెంట తీసుకుపోయారు. చూశారా, పేరు విలువ వాళ్లకు బాగానే తెలుసు! బినోదిని ఆడిన బీడన్ వీధి కట్టడం తర్వాత రోడ్డు కింద పోయింది. హాతీబగాన్‌ది 1991లో తగలబడితే బాగుచేసి 2004లో తెరిచారు. నేను వెళ్లినరోజు అక్కడ సినిమా పోస్టరుంది. 2024 డిసెంబరు ఆఖర్లో ఆ హాలుకు బినోదిని పేరు పెడుతున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. నూట నలభై ఒక్క ఏళ్లకు! అదీ ఆవిడ ఒక్క వేషం కూడా వెయ్యని కట్టడానికి. అయినా పెట్టారు, సంతోషం.

ఇక మన సంగతి. మీ చేతిలో కరపత్రం ఉంది కదా, తిప్పండి. అతిథుల పేర్లు, డిగ్రీలతో సహా, పదకొండు వరసలు. దాతలు ఆరు వరసలు. శాలువా కప్పించుకున్నవాణ్ణి, నా పేరూ ఉంది. కింద సన్న అక్షరాల్లో నటుల పేర్లు. ఆ చివర చూడండి: "మరియు స్త్రీ పాత్రధారిణి". ఏ పాత్రధారిణి? ఆవిడకు పేరు లేదా? ముప్పై ఏళ్లుగా రాత్రి బస్సుల్లో నాటక పరిషత్తులన్నీ తిరిగిన మనిషి. ఇప్పుడు ఆ తెర వెనక జడ వేసుకుంటోంది.

ఇదిగో, రెండో గంట కొట్టారు. మూడో గంటకు నేను డిమ్మరు దగ్గరుండాలి, కుర్రాడికి ఇంకా చెయ్యి కుదర్లేదు. నాటకం అయ్యాక వెంటనే లేచిపోకండి. లోపలికి వచ్చి ఆవిడ పేరేమిటో ఆవిణ్ణే అడిగి, ఆ కరపత్రం మీద పెన్నుతో రాసుకోండి. పెన్ను లేనివాళ్లకు నా దగ్గర రెండున్నాయి.