గుడారానికి తలుపు ఎలా కొడతారు?

[తెర నల్లగా ఉంటుంది. వాన చప్పుడు. దూరంగా ఒక చిన్న ఎర్ర లైటు నడిచి వస్తూ కనిపిస్తుంది.]

రాత్రి ఒంటిగంట. వాన పడుతోంది. మీ ముందు ఒక గుడారం, లోపల నలుగురు నిద్రపోతున్నారు. వాళ్లని ఇప్పటికిప్పుడు లేపాలి. ఎలా లేపుతారు?

తలుపు కొడదామంటే తలుపు లేదు. కాలింగ్ బెల్లు లేదు. ఉన్నదల్లా ఒక జిప్పు. ఆ జిప్పు మీద మాత్రం మీరు చెయ్యి వెయ్యకూడదు.

[కెమెరా ముందుకు వస్తాను. వెనక గోడకి పాత రేడియం జాకెట్ వేలాడుతుంది.]

నమస్తే అండి. 2025 వేసవిలో నేను ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో, కొండల మధ్య ఉన్న ఒక హాలిడే క్యాంప్‌సైట్‌లో రాత్రి వార్డెన్‌గా పనిచేశాను. ఈ మాట ఫోన్లో చెప్పగానే మా అమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "పీజీ చదివి వార్డెన్‌వి అయ్యావా నాయనా! ఏ హాస్టల్లోరా?"

ఆమె తప్పేం లేదు. వార్డెన్ అంటే మనకి హాస్టలే గుర్తొస్తుంది. పది దాటితే లైట్లు ఆర్పించేవాడు, గోడ దూకితే పట్టుకునేవాడు. క్యాంప్‌సైట్‌లో దూకడానికి గోడ కూడా లేదు. మా తాత జొన్నచేలో మంచె మీద కాపలా పడుకునేవాడు, వడిసెల పక్కన పెట్టుకుని. నా పని దానికే కాస్త దగ్గర. కాకపోతే ఇక్కడ పిట్టల్ని తోలక్కర్లేదు, చేనులో పడుకున్న మనుషుల్ని చూసుకోవాలి.

[విజువల్: పై నుంచి తీసిన క్యాంప్‌సైట్. గడ్డి మైదానం, వరసలుగా గుడారాలు, క్యారవాన్లు, మధ్యలో టాయిలెట్ బ్లాక్, గేటు దగ్గర రిసెప్షన్ గది.]

ముందు స్థలం గురించి. క్యాంప్‌సైట్ అంటే గడ్డి మైదానాన్ని నంబర్లు వేసి పంచడం. ఒక్కో ముక్కని పిచ్ అంటారు. గుడారానికీ గుడారానికీ మధ్య 6 మీటర్లు వదలడం ఇక్కడ పాటించే లెక్క. అది ప్రైవసీ కోసం అనుకున్నాను మొదట్లో. కాదు, నిప్పు కోసం. గుడారం అంటుకుంటే నిమిషంలోపే బూడిద. పక్కదానికి పాకకుండా ఆ ఖాళీ. అందుకే ఆ 6 మీటర్లలో ఎవరైనా రాత్రిపూట కారు తెచ్చి పెడితే, అది పార్కింగ్ గొడవ కాదు, నా దృష్టిలో నిప్పుకి వేసిన వంతెన.

షిఫ్టు రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా. పగటి వార్డెన్ తాళాల గుత్తి, రేడియో, ఒక నోట్‌బుక్ ఇచ్చి వెళ్తాడు. పదకొండు నుంచి ఏడు దాకా నిశ్శబ్ద వేళలు. ఆలస్యంగా వచ్చిన కార్లు బయటే ఆగాలి, గేటు దగ్గర బ్యారియర్ దించేస్తాం.

జూన్ నెలలో అక్కడ పది కొట్టేవరకూ వెలుతురు ఉంటుంది, అయిదు కాకముందే మళ్లీ సూర్యుడు. చీకటి అనేదే కాసేపు. ఆ కాసేపట్లో టార్చ్ వెయ్యకుండా నడవడం నేర్చుకోవాలి. మన కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఒక్కసారి తెల్ల లైటు వేశామా, మళ్లీ మొదటికి. పైగా గుడ్డ గోడ మీద టార్చ్ పడితే లోపల పడుకున్న పిల్లలకి పట్టపగలే. అందుకే ఎర్ర లైటు, అదీ కాళ్ల దగ్గర, గుడారం తాళ్లకి తన్నుకుని పడకుండా.

[విజువల్: చీకట్లో గుడారం తాళ్లు, వాటికి కట్టిన చిన్న తెల్ల రిబ్బన్లు.]

ఈ ఉద్యోగంలో దొంగలకన్నా చెవికి, ముక్కుకి పని ఎక్కువ. చెవి సంగతి ముందు చెప్తాను.

గుడారంలో పడుకున్నవాడికి అన్నీ వినిపిస్తాయి. పక్కవాడి గురక, కారు డోరు, జిప్పు తీసిన చప్పుడు. మొదటి వారం నలుగురు కుర్రాళ్లు పన్నెండింటికి పాటలు పెట్టారు. నేను వెళ్లి మొహం మీద టార్చ్ వేసి, రూల్స్ చదివాను. ఫలితం? పాట ఆపారు, నా మీద జోకులు మొదలెట్టారు. అవి పాటకన్నా గట్టిగా వినిపించాయి.

నాకు పని నేర్పిన పెద్దాయన, రిటైరయ్యాక ఈ పనికొచ్చినవాడు, మర్నాడు నవ్వి చెప్పాడు: టార్చ్ నీ బూట్ల మీద వేసుకో, వాళ్ల పక్కన గొంతుక్కూర్చో, వాళ్లకన్నా మెల్లగా మాట్లాడు. మనం గుసగుసలాడితే ఎదుటివాడి గొంతు దానంతట అదే దిగుతుంది. ఇది మీరు ఇంట్లో పిల్లల మీద కూడా ప్రయోగించి చూడొచ్చు, పనిచేస్తుంది. భర్తల మీద గ్యారంటీ ఇవ్వలేను.

ఒక లాంగ్ వీకెండ్‌లో పదకొండున్నరకి గాలిలో పోపు వాసన. చెట్ల వెనక అంత్యాక్షరి. మనవాళ్లే! మూడు కుటుంబాలు, పెద్ద గిన్నె, మడత కుర్చీలు. చీకట్లోంచి "అన్నా, కొంచెం మెల్లగా పాడండి, పక్కన చంటిపిల్ల ఉంది" అన్నాను తెలుగులో. అంత నిశ్శబ్దం నా సర్వీసులో మళ్లీ వినలేదు. ఒకావిడ గరిటె అలాగే గాల్లో పట్టుకుని ఉండిపోయింది. తర్వాత పేపర్ ప్లేటులో పులిహోర ఇచ్చి పంపారు. డ్యూటీలో తినకూడదని రూలేమీ లేదు.

ఇక ముక్కు.

[స్క్రీన్ మీద: బొగ్గుల బార్బెక్యూ. మంట లేదు, బూడిద రంగు బొగ్గులు.]

ఇక్కడ సూపర్ మార్కెట్లో అల్యూమినియం పళ్లెంలాంటి బార్బెక్యూలు అమ్ముతారు. ఒకసారి వాడి పారేసేవి. సాయంత్రం మాంసం కాలుస్తారు, తింటారు. వాన మొదలవుతుంది, చలి. "మంట ఆరిపోయిందిగా, వెచ్చగా ఉంటుంది" అని దాన్ని గుడారం ముందరి వసారాలోకి లాక్కుంటారు. జిప్పు వేసుకుని పడుకుంటారు.

మంట ఆరిపోయింది, నిజమే. బొగ్గు ఆరలేదు. పైన బూడిద కప్పుకున్న బొగ్గు గంటల తరబడి కార్బన్ మోనాక్సైడ్ వదులుతూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్‌కన్నా రెండొందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ముందు తలనొప్పి, వికారం, తర్వాత మత్తు. నిద్రలో ఉన్నవాడికి ఆ తలనొప్పి కూడా తెలియదు. వానకి తడిసిన గుడారం గుడ్డలోంచి గాలి ఆడదు కాబట్టి ఇంకా ప్రమాదం.

మనకి ఇది కొత్తేం కాదు. చలికాలంలో గదిలో కుంపటి పెట్టుకుని తలుపులేసి పడుకుంటే ఏమవుతుందో మన పెద్దవాళ్లకి తెలుసు. లంబసింగి, వంజంగి వెళ్లి గుడారాలు వేసేవాళ్లకి అదే మాట: నిప్పు ఏ రూపంలో ఉన్నా జిప్పుకి అవతలే ఉండాలి. గ్యాస్ స్టవ్ అయినా సరే.

ఇప్పుడు మొదట్లో చెప్పిన గుడారం దగ్గరికి వద్దాం. మూడో రౌండులో ఉన్నాను. అన్ని గుడారాల నుంచీ తడి గడ్డి వాసన, ఒక్కదాని దగ్గర బొగ్గు వాసన. విషానికి వాసన లేకపోయినా, దాని చుట్టం పొగకి ఉంటుంది కదా, నేను పట్టుకునేది దాన్నే. వసారా గుడ్డ వెనక మసక ఎరుపు. లోపల అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు.

జిప్పు ఎందుకు తియ్యకూడదు? లోపల ఉన్నది వాళ్ల పడకగది. అర్ధరాత్రి బయటి నుంచి జిప్పు కదిలితే ఎవరైనా ముందు అరుస్తారు, లేదా చేతికి దొరికింది విసురుతారు. కాబట్టి రెండడుగుల దూరంలో నిలబడి, టార్చ్ నా జాకెట్ మీదే వేసుకుని, పిచ్ నంబరుతో పిలవాలి: "పిచ్ నంబర్ 41, నేను వార్డెన్ని, మీ బార్బెక్యూ గురించి." అదే తలుపు కొట్టడం. పలక్కపోతే గుడారం గుడ్డని అరచేత్తో చప్పుడయ్యేలా తట్టాలి. అప్పటికీ పలక్కపోతే, ఆ ఒక్క సందర్భంలో, మర్యాద పక్కన పెట్టి జిప్పు లాగేయాలి, వాళ్లని బయటికి లాగాలి, ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చెయ్యాలి.

నాకు రెండో పిలుపుకే ఒక మగ గొంతు పలికింది. ఆయనకి ముందు కోపం వచ్చింది. చెప్పాక బార్బెక్యూని తనే బయటికి తోశాడు, నేను బకెట్ నీళ్లు కుమ్మరించాను. బుస్సుమని ఆవిరి లేచింది. ఆరిపోయిందనుకున్న దాంట్లో అంత వేడి ఉంది. జిప్పులన్నీ తీయించి, అందరూ లేచి తిన్నగా మాట్లాడుతున్నారని, ఎవరికీ తలనొప్పి లేదని అడిగి తెలుసుకున్నాకే కదిలాను. చిన్నపిల్ల నిద్రమత్తులో నాకు టాటా చెప్పింది.

[విజువల్: నీలం రంగు మూడు పిన్నుల ప్లగ్గు, గడ్డిలో కేబుల్.]

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను. చాలా పిచ్‌లకి నీలం రంగు 16 ఆంపియర్ల ప్లగ్గు ఉంటుంది, 230 వోల్టులు. 2,200 వాట్ల కెటిల్‌కి తొమ్మిదిన్నర ఆంపియర్లు కావాలి, 2,000 వాట్ల హీటర్‌కి దాదాపు తొమ్మిది. రెండూ కలిపి వేస్తే 16 దాటిపోతుంది, ట్రిప్ కావచ్చు. ఇది రోజూ జరిగే ముచ్చట, స్విచ్చి పైకి ఎత్తితే సరి. కానీ ట్రిప్ అయింది ఆర్‌సీడీ అయితే, అంటే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే భద్రతా స్విచ్ అయితే, ఊరికే పైకి ఎత్తకూడదు. ఎక్కడో తడి గడ్డిలో ప్లగ్గు మునిగి ఉంటుంది. ముందు అది పీకాలి.

అంబులెన్స్ పిలవాల్సి వస్తే "పిచ్ 41" అని ఫోన్లో చెప్తే లాభం లేదు. గేటు పోస్ట్‌కోడ్ చెప్పాలి, బ్యారియర్ ఎత్తిపెట్టాలి, గేటు దగ్గర టార్చ్‌తో ఒక మనిషిని నిలబెట్టాలి. ఇంకా తాగి తన గుడారం మర్చిపోయేవాళ్లు. ఒకాయన "నీలం టెంటండీ" అన్నాడు. ఆ రాత్రి మొత్తం 14 నీలం టెంట్లు. చివరికి ఆయన గుమ్మం ముందు చెప్పులు చూసి గుర్తుపట్టాడు.

డబ్బు గురించి అడుగుతారని తెలుసు. బ్రిటన్‌లో రాత్రి పనికి ఎక్కువ ఇవ్వాలని చట్టం ఏమీ లేదు. 21 ఏళ్లు నిండినవాళ్లకి కనీస వేతనం 2025 ఏప్రిల్ నుంచి గంటకి 12.21 పౌండ్లు, 2026 ఏప్రిల్ నుంచి 12.71. పగలైనా రాత్రైనా అంతే. రాత్రి పనివాళ్లకి సగటున 24 గంటల్లో 8 గంటలు మించకూడదు, చేరేముందు ఉచితంగా ఆరోగ్య పరీక్ష ఇస్తామని యజమాని అడగాలి.

ప్రకటన చూసేటప్పుడు ఒక్క మాట దగ్గర ఆగండి: "రాత్రి అక్కడే పడుకోవాలి, అవసరమైతే లేవాలి." 2021లో బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక కేర్ వర్కర్ల కేసులో తేల్చింది, పని దగ్గర నిద్రపోవడానికే ఏర్పాటు చేసిన షిఫ్టులో మెలకువగా పనిచేసిన సమయానికే కనీస వేతనం వర్తిస్తుందని. అంటే రాత్రంతా మంచమ్మీద ఒక చెవి తెరిచి పడుకున్నా, ఆ గంటలు లెక్కలోకి రాకపోవచ్చు. మెలకువ షిఫ్టా, నిద్ర షిఫ్టా అని కాగితం మీద రాయించుకున్నాకే సంతకం పెట్టండి.

స్టూడెంట్ వీసా మీద ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు: డిగ్రీ స్థాయి కోర్సులకి సాధారణంగా చదువు రోజుల్లో వారానికి 20 గంటలే. ఏడాది మాస్టర్స్‌లో డిసర్టేషన్, అంటే చివరి ప్రాజెక్టు రిపోర్టు, రాసే వేసవి కాలం సెలవుల కిందికి రాదు, అప్పుడూ ఆ 20 గంటలే, చాలామంది ఇక్కడే దెబ్బ తింటున్నారు. నేను చదువయ్యాక పని చేసుకోనిచ్చే గ్రాడ్యుయేట్ వీసాకి మారాకే ఈ పనిలో చేరాను.

[విజువల్: రిసెప్షన్ గది కిటికీ, లోపల హీటర్ ఎర్రగా.]

చివరిగా నిద్ర. తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో ఒంట్లో వేడి బాగా తగ్గిపోతుంది, మెదడు మొద్దుబారుతుంది. అది బద్ధకం కాదు, లోపలి గడియారం. కాఫీతో మోసం చెయ్యొచ్చు, కానీ దానిలో సగం అయిదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉండి పగటి నిద్ర చెడగొడుతుంది. నేను రెండు తర్వాత కాఫీ మానేశాను, కిటికీలకి నల్ల గుడ్డ కట్టాను.

అవన్నీ చేసింది ఆగస్టు నుంచి. జులైలో ఒక రాత్రి నాలుగింటికి హీటర్ దగ్గర "అయిదు నిమిషాలు" అని కూర్చున్నాను. కళ్లు తెరిచేసరికి 5:20. బ్యారియర్ దించే ఉంది. అవతల కారు హెడ్‌లైట్లు వెలిగి ఆరుతున్నాయి, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు సూట్‌కేసుల మధ్య. విమానం పట్టుకోవాలి వాళ్లు. వాళ్ల నాన్న నా గది తలుపు కొడుతున్నాడట, పది నిమిషాల నుంచి. గుడారాలకి లేని తలుపు నా గదికి ఉంది మరి.

నోట్‌బుక్‌లో "5:22, బ్యారియర్ ఎత్తాను" అని రాశాను. పెద్దాయన చదివి ఏమీ అనలేదు. మర్నాడు రాత్రి డ్యూటీకి వచ్చేసరికి నా కుర్చీ గది బయట, చూరు కింద వేసి ఉంది. హీటర్ కనబడలేదు.