రెడీమేడ్ హెయిర్ ప్యాచా, కస్టమా? ముందు టెంప్లేట్ తియ్యండి

అందరికీ నమస్కారం. ఇవాళ టేబుల్ మీద రెండు హెయిర్ ప్యాచ్‌లు ఉన్నాయి, అంటే జుట్టు పోయిన చోట టేప్‌తోనో జిగురుతోనో అతికించుకునేవి. ఇటు పక్కది రెడీమేడ్, అంటే స్టాక్ పీస్. అటు పక్కది కస్టమ్, తల కొలత ఇచ్చి చేయించింది. పైనుంచి చూస్తే పెద్ద తేడా కనపడదు. తిప్పి చూపిస్తా, ఆగండి. ఆ... ఇదిగో. స్టాక్ బేస్, అంటే జుట్టు కుట్టి ఉండే అడుగు పొర, ఎటు చూసినా ఒకేలా ఉంది, కోడిగుడ్డు ఆకారం. కస్టమ్‌ది చూడండి, వెనకాల సుడి దగ్గర కాస్త ఒక పక్కకి దిగింది. ఆ తల మీద జుట్టు అలా పోయింది కాబట్టి బేస్ కూడా అలాగే వచ్చింది.

ఇప్పుడు ఈ రెండిట్లో ఏది మంచిదంటే, ఊరికే చెప్పేది కాదు. ముందు టెంప్లేట్ తియ్యాలి, అంటే తల అచ్చు. స్టాక్ కొన్నా అది కావాలి, కస్టమ్ చేయించినా అది కావాలి. అందుకే ఆర్డర్ సంగతి తర్వాత, అచ్చు ముందు.

బేస్ రకాలు గబగబా చెప్పేస్తా. లేస్, అంటే సన్నటి వల: గాలి ఆడుతుంది, చెమట ఎక్కువ పట్టేవాళ్లకి హాయి, కానీ సున్నితం. స్కిన్, అంటే ప్లాస్టిక్‌లాంటి పలచటి పాలీ పొర: టేప్ బాగా పట్టుకుంటుంది, శుభ్రం చెయ్యడం తేలిక, గాలి ఆడదు. ఇందులో 0.03 మిల్లీమీటర్ల పొర నుంచి 0.10, 0.12 దాకా ఉంటాయి. ఎంత పలచనైతే అంత సహజంగా కనపడుతుంది, అంత తొందరగా పోతుంది కూడా. మోనో, అంటే గట్టి దారపు వల: మందంగా, గట్టిగా ఉంటుంది, ఎక్కువ కాలం వస్తుంది, నుదుటి అంచు మాత్రం తెలిసిపోతుంది. అంతే. స్టాక్‌లోనూ కస్టమ్‌లోనూ ఇవే రకాలు.

సరే, అచ్చుకి కావలసినవి: వంటింట్లో వాడే పలచటి ప్లాస్టిక్ ర్యాప్, పారదర్శకంగా ఉండే సెల్లో టేప్, చెరగని మార్కర్, కనుబొమల పెన్సిల్, టేలర్ టేప్, కత్తెర, ఇంకో మనిషి. ఒంటి చేత్తో కుదరదు, ప్రయత్నించకండి.

మొదట పెన్సిల్‌తో నెత్తి మీదే గీత గియ్యండి. నుదుటి దగ్గర ఎక్కడ మొదలవ్వాలి? కనుబొమలు పైకెత్తితే నుదుటి మీద ముడతలు పడతాయి కదా, ఆ పై ముడతకి కాస్త పైన. కొత్తగా పెట్టుకునేవాళ్లు దీన్ని కిందికి లాగుతారు, కుర్రతనం వస్తుందని. వయసుకి తగ్గ చోట ఉంచితేనే ఎవరూ రెండోసారి చూడరు. పక్కలా వెనకా గీత ఎక్కడంటే, ఒత్తు జుట్టు మొదలయ్యే చోట. పలచబడ్డ జుట్టు దగ్గర ఆపకండి. ఆ పలచటి జుట్టు రేపో మాపో ఊడుతుంది, అప్పుడు ప్యాచ్‌కీ జుట్టుకీ మధ్య సందు కనపడుతుంది.

ఇప్పుడు ర్యాప్. దాదాపు అందరూ దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చూడండి. జుట్టు తడిపి తలకి అతుక్కునేలా దువ్వండి. ఒకటే పెద్ద షీట్, నెత్తి మీదుగా రెండు చెవుల దగ్గరికి తెచ్చి, అక్కడ మెలితిప్పి, పెట్టుకునేవాళ్లనే గడ్డం కింద పట్టుకోమనండి. ముడత ఉందా? తీసి మళ్లీ వెయ్యండి. వెనక నడినెత్తి వంపు దగ్గర ఒక ముడత ఎప్పుడూ వస్తుంది, ఇదిగో, ఇక్కడ. "పర్లేదులే" అని దాని మీదే టేప్ వేస్తే, ఆ ముడత మేర బేస్ ఆకారం తప్పుతుంది. తల మీద పెట్టాక అంచు లేస్తుంది. మీరు ప్యాచ్ అతికించే టేప్‌ని తిట్టుకుంటారు, జిగురు మారుస్తారు, తప్పేమో అచ్చులో ఉంటుంది.

ఇంకోటి, మరీ బిగించి లాగకండి. ప్లాస్టిక్ సాగుతుంది. తల మీద సాగి ఉన్నది, తియ్యగానే ముడుచుకుంటుంది. సెల్లో టేప్ వేసేది అందుకే, అది సాగదు. మూడు వరసలు: ఒకటి అడ్డంగా, చెవి నుంచి చెవికి. రెండోది నిలువుగా, నుదుటి నుంచి వెనక్కి. మూడోది ఏటవాలుగా. చిన్న చిన్న ముక్కలు, ఒకదాని మీద ఒకటి సగం ఎక్కేలా. పొడుగు ముక్క వేస్తే వంపు దగ్గర మళ్లీ ముడతే. మూడు వరసలయ్యాక గోటితో కొట్టి చూడండి... వినపడిందా? టకటకమని గట్టిగా ఉండాలి, చిన్న గిన్నెలా.

లోపల పెన్సిల్ గీత కనపడుతుంది కదా, దాని మీదే మార్కర్‌తో గియ్యండి. ముందు ఏది, వెనక ఏది, ఎడమ, కుడి రాయండి. ఎడమ అంటే పెట్టుకునేవాళ్ల ఎడమ, ఎదురుగా నిలబడి గీసేవాళ్లది కాదు! పాపిడి గీత. సుడి, అది ఎటు తిరిగితే అటు బాణం గుర్తు. రాసిన దాని మీద ఇంకో టేప్ వేస్తే సిరా చెరగదు. తీసి, కత్తిరించి, మళ్లీ తల మీద పెట్టండి. మధ్యలో వేలితో నొక్కితే లోపలికి పోయిందంటే గాలి బుడగ ఉంది, వంపు ఎక్కువైంది. నొక్కినప్పుడు అంచులు లేస్తే వంపు తక్కువైంది. రెండిట్లో ఏదైనా సరే, సర్దుబాట్లు వద్దు, కొత్తది తియ్యండి. పట్టేది పావుగంట.

ఇక అచ్చు చేతిలో ఉంది, కొలవండి. టేలర్ టేప్‌ని వంపు వెంబడి ఆనించి, ముందు నుంచి వెనక్కి ఎంత, బాగా వెడల్పున్న చోట ఎంత. స్టాక్‌లో ఎక్కువగా దొరికే సైజు 8 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు. కొందరు 8, 10 అని రాస్తారు, కొందరు 10, 8 అని తిప్పి రాస్తారు. ఏది వెడల్పో చూసుకుని కొనండి. మీ అచ్చు అందులో ఇమిడితే స్టాక్ సరిపోతుంది, కత్తిరించుకోవచ్చు. ఒక్క అరంగుళం పెద్దదైనా స్టాక్ మాట మర్చిపోండి. కత్తిరించగలం, సాగదియ్యలేం. అచ్చు ఇమిడినా, నెత్తి బాగా చదునుగానో కోసుగానో ఉంటే స్టాక్ బేస్ మధ్యలో ఉబ్బుతుంది. పలచటి స్కిన్, లేస్ అయితే కొంత సర్దుకుంటాయి, మోనో సర్దుకోదు.

కొలత తర్వాత స్టాకా, కస్టమా అని తేల్చేవి రెండే, రింగులూ తెల్లవెంట్రుకలూ. స్టాక్ జుట్టు ఎక్కువగా తిన్నగా, లేదంటే కొంచెం అలలా ఉంటుంది. మీ పక్కజుట్టు రింగులు తిరిగి ఉంటే పైన ఒక మనిషి, పక్కన ఇంకో మనిషిలా కనపడుతుంది. కస్టమ్‌లో రింగుని మిల్లీమీటర్లలో అడగొచ్చు. అంకె తగ్గేకొద్దీ రింగు బిగుతు. పెన్నుకో మార్కర్‌కో మీ వెంట్రుకని చుట్టి చూసి, ఏ లావు దగ్గర అతికినట్టు కూర్చుంటే ఆ వ్యాసం రాయండి. నా మటుకు ఫోటో కన్నా ఇదే నమ్మకం.

తెల్లవెంట్రుకల సంగతి. స్టాక్‌లో 10 శాతం తెలుపు అంటే తలంతా సమానంగా కలిపేస్తారు. మన తల అలా నెరవదు కదా! కణతల దగ్గర ముందు నెరుస్తుంది, నడినెత్తి ఆలస్యం. పావు వంతు దాటి నెరిసిన తలకి కస్టమే మేలు, ఏ భాగానికి ఎంత శాతమో విడివిడిగా రాసివ్వొచ్చు. ఒక జాగ్రత్త: ప్యాచ్‌లో తెల్లవి చాలావరకు సింథటిక్. డ్రయ్యర్ బాగా వేడి చేస్తే ముడుచుకుపోతాయి, రంగు కూడా పట్టవు.

రంగుకి నమూనా పంపితే, పెన్సిల్ లావు కుచ్చు పక్కల నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి తియ్యండి. రెండు షేడ్ల మధ్య ఊగుతుంటే లేతది తీసుకోండి. లేత దాన్ని ముదురు చెయ్యొచ్చు, ముదురుని లేత చెయ్యబోతే వెంట్రుక పెళుసెక్కి విరిగిపోతుంది.

ఒత్తు కూడా అంతే. పలచన చెయ్యగలం, కలపలేం. స్టాక్ పీస్ వచ్చినప్పుడు టోపీలా ఒత్తుగా ఉంటుంది, కంగారు పడకండి, కటింగ్‌లో తగ్గిస్తారు.

స్టాక్ కత్తిరించడం చూపిస్తా. నుదుటి వైపు అంచు ముట్టుకోకండి, ఎప్పుడూ. అక్కడ జుట్టు కావాలని పలచగా కుడతారు, లేస్ అయితే వెంట్రుకలు కట్టిన ముడుల నలుపు కూడా తగ్గిస్తారు. అది కోస్తే ఆ పనంతా పోతుంది. కోసేది వెనకా పక్కలా మాత్రమే. చుట్టూ పాలీ అంచు ఉన్న రకాన్ని అసలు కొయ్యొద్దు, టేప్ పట్టేది ఆ అంచుకే. అంతా లేస్ గానీ అంతా స్కిన్ గానీ అయితేనే కొయ్యండి. ప్యాచ్‌ని లోపలి వైపు పైకి తిప్పి, అచ్చుని కూడా అలాగే తిప్పి పెట్టండి. ఒకటి తిప్పి ఇంకోటి తిప్పకపోతే ఎడమది కుడి అయిపోతుంది. నుదుటి వైపు అంచులు కలిపి, క్లిప్ పెట్టి, గీత గీసి, గీతకి 3 మిల్లీమీటర్లు బయటే కొయ్యండి. బేస్ ఒక్కటే తెగాలి, జుట్టుని కిందికి నెట్టి పట్టుకోండి. తల మీద పెట్టి చూసి, మిగిలింది అప్పుడు. ఈ చిన్న కత్తెర, ముక్కు వంకరగా ఉన్నది, గోళ్ల దగ్గర వాడేదే, దీనికన్నా మంచిది దొరకలేదు.

కస్టమ్ చేయిస్తుంటే టైమ్ గుర్తు పెట్టుకోండి, వెంట్రుక వెంట్రుకా చేత్తో ముడెయ్యాలి, రావడానికి నెలలు పడుతుంది. ఈలోపు స్టాక్ పెట్టుకుని ఉంటే, ఒత్తు ఎంత కావాలో, పాపిడి ఎటో మీకే తెలిసిపోతుంది. అచ్చు పంపేటప్పుడు లోపల కాగితం ఉండలు కుక్కి డబ్బాలో పెట్టండి, కవర్లో చదును చేసి పంపితే వంపు పోయినట్టే. రెండో అచ్చు తీసి మీ దగ్గర ఉంచుకోండి. మొదటిసారి ఒక్కటే చేయించండి, తక్కువకొస్తుందని మూడు చెప్పకండి. అది నెల రోజులు పెట్టుకుని, ఎక్కడ లేస్తోంది, ఎక్కడ ఒత్తెక్కువైంది, ఆ అచ్చు మీదే మార్కర్‌తో రాసుకుని, అప్పుడు రెండోది.