గుర్రమంటే భయపడ్డ పిల్లాడు

శ్రోతలకు నమస్కారం. చిన్నపిల్లలున్న ఇంట్లో మీరు ఇది చూసే ఉంటారు. రాత్రి అమ్మ పక్కన చోటు కోసం వాడు నాన్నని కాళ్లతో నెట్టేస్తాడు, "నువ్వు ఆఫీసుకెళ్లిపో" అంటాడు. తెల్లారి అదే నాన్న చెప్పులేసుకుంటుంటే కాళ్లకి చుట్టుకుని ఏడుస్తాడు. మనం నవ్వేసి ఊరుకుంటాం. మనసు లోతుల్ని తవ్వి చూసిన వియన్నా డాక్టరు సిగ్మండ్ ఫ్రాయిడ్ ఊరుకోలేదు.

1908లో వియన్నాలో ఐదేళ్లు నిండని ఒక పిల్లాడికి ఉన్నట్టుండి గుర్రం కరుస్తుందని భయం పట్టుకుంది. ఆ రోజుల్లో వీధినిండా గుర్రపు బళ్లే, పైగా వాళ్లింటి ఎదురుగానే సరుకుల గోదాము, ఇంక వాడు గడప దాటేదెలా! తండ్రి మాక్స్ గ్రాఫ్ సంగీత విమర్శకుడు, ఫ్రాయిడ్‌కి బాగా తెలిసినవాడు. కొడుకు మాటలన్నీ రాసి ఆయనకి పంపేవాడు, ఆయన సలహాతో తనే కొడుకుని ప్రశ్నలడిగేవాడు. ఆ వైద్యం మొత్తంలో ఫ్రాయిడ్ పిల్లాడితో కూర్చుని మాట్లాడింది ఒక్కసారే. 1909లో 'లిటిల్ హాన్స్' అని పేరు మార్చి ఆ కథ అచ్చేశాడు.

ఆ పిల్లాడు బస్సుని లాగుతున్న గుర్రం ఒకటి పడిపోయి కాళ్లు కొట్టుకోవడం చూశాడు. భయానికి అది చాలదా అని మనకనిపిస్తుంది. కానీ వాడు గుర్రం కళ్ల దగ్గర ఉండేవీ, మూతి చుట్టూ ఉండే నలుపూ చూస్తే భయమన్నాడు. ఎదురుగా కూర్చున్న నాన్నకేమో కళ్లజోడూ, మీసమూ! ఒకరోజు నాన్న బల్ల దగ్గర్నుంచి లేస్తుంటే, "నాన్నా, నన్ను వదిలి దౌడు తీయకు" అన్నాడు. పరిగెత్తకు అనలేదు చూడండి, గుర్రానికి వాడే మాట వాడాడు. అమ్మ తనకే కావాలి, నాన్న అడ్డు, అయినా నాన్నంటే ప్రాణం. ఈ రెండూ ఒక్క మనసులో ఇమడక భయం గుర్రం మీదికి మళ్లిందన్నాడు ఫ్రాయిడ్. ఈడిపస్ కాంప్లెక్స్ అంటారే, అదే.

నాకు ఇదంతా మింగుడుపడదు. ఆ తండ్రి అడిగిన ప్రశ్నలు చదివితే సగం జవాబులు ఆయనే అందిస్తున్నట్టుంటుంది. పైగా వాళ్లమ్మ ఇల్లు విడిచి వెళ్లిపోతానని బెదిరించేదని ఆ కథలోనే ఉంది. తర్వాత జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ మనోవైద్యుడు దాన్నే పట్టుకుని, వాడి అసలు బెంగ అమ్మ తనని వదిలి వెళ్లిపోతుందనే అన్నాడు. నాకైతే అదే నిజమనిపిస్తుంది. కానీ నాన్న మీద కోపమూ ప్రేమా ఒకేసారి ఉన్నాయని, అలా ఉన్నందుకు పిల్లాణ్ణి తిట్టనక్కర్లేదని ఫ్రాయిడ్ చెప్పాడే, అది మాత్రం కాదనలేను.

ఆ పిల్లాడి అసలు పేరు హెర్బర్ట్ గ్రాఫ్, పెద్దయ్యాక ఒపెరాలకి, అంటే పాటలతో నడిచే నాటకాలకి, పేరున్న దర్శకుడయ్యాడు. 1922లో, పంతొమ్మిదేళ్ల వయసులో, ఫ్రాయిడ్ దగ్గరికి వచ్చాడు. అప్పటికే తన కథ తానే చదివాడట, ఒక్క ముక్కా గుర్తులేదట. వేసవికి ఊరెళ్లిన సంగతి దగ్గర మాత్రం, ఇది నేనేనేమో అని లీలగా అనిపించిందట.