స్కాన్‌లో ఏమీ లేదన్నారు

(ప్రపంచ మానసిక ఆరోగ్య దినం, అక్టోబరు 10న కావలిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు, మళ్లీ చదవను. నాకిచ్చిన అంశం మెదడు స్కానింగు, మెదడులో అమర్చే కరెంటు తీగలు. ముందు మా అక్క సంగతి చెప్పాలి. ఆమె చెప్పమంటేనే చెబుతున్నాను.

అక్క రోజుకు నాలుగు గంటలు చేతులు కడిగేది. వేళ్ల సందులు పాసి నెత్తురొచ్చినా బావి దగ్గర్నించి లేచేది కాదు. ఊరంతా 'ఎంత మడో ఆ పిల్లకి' అని మెచ్చుకుంది. పన్నెండేళ్లు మెచ్చుకున్నారండీ! చివరికి తలకి సీటీ స్కాన్ తీయించాం. ఫిల్ము వెలుతురుకి పట్టి చూసి డాక్టరు 'ఏమీ లేదు, మొండితనం' అన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో కొట్టడం మొదలైంది. నేనూ చెయ్యి చేసుకున్నాను.

స్కాన్ అబద్ధం చెప్పలేదు. సీటీ ఇంటి గోడలు చూపిస్తుంది, లోపల ఎవరు అరుస్తున్నారో చూపించదు. మెదడులో ఏ చోటు ఎంత పనిచేస్తోందో చూపించేది పెట్ స్కాన్. మందులకు లొంగని డిప్రెషన్‌లో, మెదడు పటంలో 25 అని నంబరున్న చోట మెదడు అతిగా పనిచేస్తోందని టొరంటోలో హెలెన్ మేబర్గ్ అనే నరాల డాక్టరు బృందం పెట్‌లో చూసింది. సరిగ్గా అక్కడికే సన్నని తీగలు దించి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెట్టారు. 2005లో ప్రకటించిన ఆరుగురిలో నలుగురు ఆర్నెల్లకి బాగా తేరుకున్నారు. ఆ చోట జోరూ తగ్గింది. అక్కది ఓసీడీ, అంటే వద్దనుకున్నా అదే ఆలోచన, అదే పని మళ్లీ మళ్లీ చేయించే జబ్బు. దానికి 1999 నాటికే బెల్జియంలో తీగలు పెట్టారు.

తర్వాత డిప్రెషన్ మీద జరిగిన పెద్ద పరీక్షను ఫలితం కనబడక మధ్యలోనే ఆపేశారు. ఇక్కడ రైతులున్నారు గదా, చెప్పండి: సోమశిల ప్రాజెక్టులో నీళ్లుంటే చాలా? ఏ తూము ఎత్తితే ఏ కాలువ పారుతుందో తెలియాలా వద్దా? మెదడులోనూ అంతే. నీటి అణువుల కదలికను బట్టి ఎమ్మారై నరాల దారులు గీస్తుంది. 2018లో వచ్చిన అధ్యయనంలో పదకొండు మందికి, ఎవరి దారులు వాళ్లకే గీసి, నాలుగు దారులు కలిసేచోట తీగ దించారు. ఆర్నెల్లకి ఎనిమిది మంది కోలుకునే దారిలో పడ్డారు.

ఇది అందరికీ చేసేది కాదు. ఏళ్ల తరబడి మందులూ థెరపీ వాడినా తగ్గనివాళ్లకే. మానసిక జబ్బుకి మెదడు ఆపరేషన్ చేయాలంటే రోగి సమ్మతి, మానసిక ఆరోగ్య బోర్డు అనుమతి ఉండాలని మన 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. అక్కకి మాత్రలే సరిపోయాయి. ఆ మాత్రలు మొదలుపెట్టేసరికి ఆమెకి నలభై నాలుగేళ్లు.

అమ్మా, మీ ఇంట్లో ఎవరికైనా స్కాన్ నార్మల్ అని వస్తే, దయచేసి 'నాటకం' అనొద్దు. మానసిక బాధలకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ, టెలి మానస్‌కి ఫోన్ చేయండి, డబ్బు కట్టక్కర్లేదు. 14416. వెనక వరసకి వినిపించిందా? ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.