పాత ఆటకు కొత్త పరీక్ష

సభకు నమస్కారం. విజయవాడ కళాశాలల విద్యార్థులతో పాటు గుంటూరు, తెనాలి నుంచి ఆటల మీది ఇష్టంతో వచ్చిన మిత్రులను చూస్తే చాలా సంతోషంగా ఉంది. నాకు ఇచ్చిన ప్రశ్న ఇది. ఒకప్పుడు లక్షల మంది ఆడిన, లోపాలు ఒక్కొక్కటిగా బయటపడి సర్దుకున్న ఆన్‌లైన్ ఆటను ఏళ్ల తర్వాత అదే రూపంలో మళ్లీ విడుదల చేస్తే, దానికి బీటా పరీక్ష, అంటే విడుదలకు ముందే కొందరు ఆటగాళ్ల చేత ఆడించి చూడడం, కావాలా? కావాలి అనే నేను నమ్ముతున్నాను. అయితే అక్కర్లేదనే వారి వాదనలోనూ బలం ఉంది కనుక ముందు దానినే తీసుకుంటాను.

వారికి అండగా నిలిచే మంచి ఉదాహరణ ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ ఆట. 2013 ఫిబ్రవరిలో జాగెక్స్ సంస్థ తన దగ్గర భద్రంగా ఉన్న 2007 ఆగస్టు నాటి ప్రతిని బయటికి తీసి, దీన్ని మళ్లీ తెరవమంటారా అని ఆటగాళ్లనే అడిగింది. సుమారు నాలుగున్నర లక్షల ఓట్లు పడ్డాయి. ఆ నెల 22న సర్వర్లు తెరిచారు. నెలల తరబడి బీటా నడపలేదు, అయినా ఆట నిలబడింది, నేటికీ నడుస్తోంది. ఎందుకు నిలబడిందో గమనించాలి. వారు తెరిచింది పాత ఆటకు నకలు కాదు, పాత కోడునే, అంటే ఆటను నడిపే అసలు ప్రోగ్రామునే. అటకమీది ట్రంకుపెట్టెలో దాచిన పట్టుచీరను తీసి కట్టుకోవడం వంటిది అది. అటువంటి చోట బీటా లేకపోయినా పెద్ద నష్టం లేదని నేనూ ఒప్పుకుంటాను.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటను పాత రూపంలో మళ్లీ తెచ్చిన క్లాసిక్ విషయం అలా కాదు. మూలమైన ఆట 2004 నవంబరులో వచ్చింది. క్లాసిక్‌ను 2017 నవంబరులో ప్రకటించారు. 2006 నాటి 1.12 ప్యాచ్‌ను, అంటే ఆ సవరణ నాటి ఆటను, ప్రమాణంగా పెట్టుకున్నారు. తయారీదారులు మొదట పాత కోడునే నడిపి చూశారు. అది కొన్ని గ్రాఫిక్స్ కార్డుల మీద ఆగిపోయేది, నేటి లాగిన్ వ్యవస్థతో కలిసేది కాదు, మోసాలను అడ్డుకునే శక్తీ దానికి లేదు. దాంతో దారి మార్చి, నేటి కోడును తీసుకుని, దానికి 2006 నాటి సమాచారం నప్పేలా మార్పులు చేశారు. నా దృష్టిలో ఆ నిర్ణయం జరిగిన రోజే అది కొత్త ఆట అయింది. ఊళ్లు, రాక్షసులు, కత్తులు పాతవే. వాటిని కదిలించే యంత్రం మాత్రం ఎప్పుడూ ఆ బరువు మోసింది కాదు.

దీనికి ఒక చిన్న దృశ్యం చెబుతాను. ఇద్దరు మాంత్రికులు ఎదురెదురుగా నిలబడి, ఎదుటివారిని గొర్రెగా మార్చే మంత్రాన్ని ఇంచుమించు ఒకే క్షణంలో ప్రయోగించారు అనుకుందాం. నేటి సర్వరు ముందు చేరినదాన్ని వెంటనే అమలు చేస్తుంది కనుక ఒకడే గొర్రె అవుతాడు, రెండోవాడు గెలుస్తాడు. పాత సర్వరు అటువంటి చర్యలను కొద్దిసేపు పోగుచేసి ఒక్కసారిగా తేల్చేది కనుక ఇద్దరూ గొర్రెలై, పచ్చికలో పక్కపక్కనే తిరిగేవారు. అది ఏ నియమావళిలోనూ రాసిన సంగతి కాదు, ఆనాటి యంత్రపు నెమ్మదితనం నుంచి పుట్టినది. కానీ పాత ఆటగాళ్ల పోరాట నైపుణ్యం దాని చుట్టూనే అల్లుకుంది. అందుకే క్లాసిక్‌లో 400 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని పని కట్టుకుని మళ్లీ పెట్టవలసి వచ్చింది. ఇటువంటివి ఎన్ని ఉన్నాయో తయారీదారు ఒక్కడే కూర్చుని లెక్కపెట్టలేడు.

ఈ సంగతి నాకు ఆటల వల్ల కాక, గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీ లెక్కల పని వల్ల మొదట అర్థమైంది. చాలా ఏళ్లుగా వాడుతున్న పాత ప్రోగ్రామును కొత్త కంప్యూటర్లకు మార్చే పని మాకు అప్పగించారు. నియమాలన్నీ రాసుకుని, మాలో మేము పరీక్షించుకుని, అంతా సరిపోయిందనే అనుకున్నాము. అక్కడి పెద్ద గుమాస్తా గారు మొదటి రసీదు చేతిలోకి తీసుకుని, కళ్లజోడు పైకి జరిపి, "తరుగు తేడా వచ్చింది బాబూ, మన పాతది ఇట్లా చెయ్యదు" అన్నారు. పాత ప్రోగ్రాము ఒక్కొక్క మిర్చి టిక్కీ (బస్తా) బరువులోనూ చిల్లర గ్రాములు తీసేసి ఆ తర్వాత కూడేది. మాది అన్నీ కూడి చివర ఒక్కసారి తీసేసేది. ఆ పద్ధతి ఏ కాగితం మీదా లేదు, ఆయన కంటిలో ఉంది. ఆ రసీదులు ముందే రైతుల చేతికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే నాకు నేటికీ భయం వేస్తుంది. బీటాకు పాత ఆటగాళ్లను పిలవడమంటే ఆ గుమాస్తా గారిని పిలవడమే.

అయితే జ్ఞాపకాన్నీ గుడ్డిగా నమ్మకూడదు. 2019 మే నెలలో క్లాసిక్ బీటా మొదలైనప్పుడు, ఇది తప్పు, అప్పట్లో ఇలా లేదు అని ఆటగాళ్లు పంపిన ఫిర్యాదుల్లో చాలావాటిని 1.12 నాటి ఆటతో పోల్చి చూస్తే అవి తప్పులు కావని తేలింది. భయపెట్టే మంత్రం తగిలినవారు మామూలు కంటే వేగంగా పరుగెత్తడం, టారెన్ జాతి వీరుల దెబ్బ కాస్త ఎక్కువ దూరం అందడం అప్పటి లక్షణాలే. వాటన్నిటినీ జాబితాగా ప్రకటించారు. అది నాకు బాగా నచ్చిన పని. పాత ప్రతిని పక్కన నడుపుతూ, ప్రతి ఫిర్యాదునూ దానిముందు నిలబెట్టి తేల్చడమే ఈ రకం బీటాకు ప్రాణం.

ఇక ఆడేవారి సంగతి. కృష్ణా పుష్కరాలు 2004లోనూ వచ్చాయి, 2016లోనూ వచ్చాయి. నది అదే, స్నానమూ అదే. అయినా పాత ఏర్పాట్లు చాలులే అని ఎవరూ ఊరుకోలేదు. ఘాట్లు పెంచారు, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం కొత్తగా చేరింది. జనం వచ్చే తీరు మారినప్పుడు మెట్లు కూడా మారాలి. 2000లో వచ్చిన డయాబ్లో 2ను 2021 సెప్టెంబరులో పునరుద్ధరించి విడుదల చేశాక, అక్టోబరులో దాని సర్వర్లు పదేపదే కుప్పకూలాయి. తయారీదారులు ఇచ్చిన వివరణ మనవంటి వారు శ్రద్ధగా చదవవలసినది. కేంద్ర డేటాబేసు మీద ఆధారపడే పాత కోడు కొంత అలాగే ఉండిపోయింది. అప్పటి ఆటగాడు ఒక ఆట తెరిచి నిదానంగా ఆడుకునేవాడు. నేటివాడు వీడియోలు చూసి, లాభసాటి దారి నేర్చుకుని, ఆటలను వెంటవెంటనే తెరుస్తూ మూస్తూ పోతాడు. ఆ ఒత్తిడి ఆ డేటాబేసు తట్టుకోలేకపోయింది. దానికి ఆగస్టులో బహిరంగ బీటా జరిగింది కదా అని మీరు అడగవచ్చు. జరిగింది. కొద్ది రోజుల బీటాలో జనం కొత్తగా చూసి ఆనందిస్తారు, విడుదలైన వారాల తర్వాతే గణించి ఆడతారు. అందుచేత పరీక్ష నిడివి పెంచాలనీ, ఆ రెండో రకం ఆటను కృత్రిమంగానైనా సర్వరు మీద మోపి చూడాలనీ నా వాదన.

బీటా పెట్టినంత మాత్రాన సరిపోదనడానికి పాత ఆటనే పునరుద్ధరించిన వార్‌క్రాఫ్ట్ 3 రీఫోర్జ్‌డ్ సాక్ష్యం. దానికి బీటా ఉంది, అభ్యంతరాలూ వచ్చాయి. అయినా 2020 జనవరి 28న ర్యాంకుల పట్టిక, క్లాన్లు (ఆటగాళ్ల జట్లు) వంటి పాత సౌకర్యాలు లేకుండానే విడుదలైంది. డబ్బు వెనక్కి ఇవ్వవలసి వచ్చింది. అడిగి వినకపోవడం అడగకపోవడం కన్నా ఎక్కువ నొప్పిస్తుంది.

పరీక్షకు ఎవరిని పిలవాలన్నది మనకు దగ్గరి ప్రశ్న. సర్వరు ఉన్న దేశంలో కూర్చున్నవారికి ఏ మంత్రమైనా తక్షణమే పనిచేసినట్లు కనిపిస్తుంది. విజయవాడ సత్యనారాయణపురంలో మేడమీది గదిలో కూర్చుని, సముద్రం దాటి వెళ్లే లైను మీద 200 మిల్లీసెకన్ల పింగ్‌తో (సందేశం సర్వరుకు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం), సాయంత్రం వీధంతా సినిమాలు చూసే వేళ ఆడే కుర్రవాడికి అదే ఆట వేరుగా ఉంటుంది. అతని డబ్బూ డబ్బే. అందుకని, ఎక్కువ మంది ఒకేసారి ఆడితే సర్వరు తట్టుకుంటుందా అని చూసే ఒత్తిడి పరీక్షల్లో ఒకటైనా మన రాత్రి ఎనిమిది గంటలకు పెట్టాలనీ, ప్రతి ఫిర్యాదుతో పాటు ఊరు, సమయం, పింగ్ నమోదు కావాలనీ కోరుతున్నాను.

బీటా ఎప్పుడు ముగించాలని నిన్న ఒక విద్యార్థి నన్ను అడిగాడు. తేదీని బట్టి కాదు. వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ ఎదురుగా మూడింటిలో ఒక జవాబు పడాలి: "తప్పు, సరిదిద్దాము"; "తప్పు కాదు, అప్పుడూ ఇంతే"; "తెలిసే మార్చాము, కారణం ఇది". ఈ మూడో జవాబు పడినవన్నీ డబ్బు తీసుకోక ముందే ఆటగాళ్లకు చదివి వినిపించాలి.